మొదట పసుపు, తర్వాత ఆకుపచ్చ

సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టులుగా చేరబోతున్న ఇద్దరు అమ్మాయిలు ఈ మధ్య జగ్గయ్యపేటలో మా ఇంటికి వచ్చారు. నందిగామలో డిగ్రీ చదివారట. "ఆంటీ, అక్కడ పని ఎలా ఉంటుందో కాస్త చెప్పరా?" అని అడిగారు. రిటైరయ్యాక నన్ను వెతుక్కుంటూ వచ్చేది గ్యాసు బండి అబ్బాయి ఒక్కడే కాబట్టి పొంగిపోయి కాఫీ పెట్టాను. కానీ చెప్పాల్సింది చెప్పలేకపోయాను. షిఫ్టులు, క్యాంటీను అంటూ ఏదేదో వాగి పంపించేశాను. చెప్పాల్సింది ఒక రాయి గురించీ, ఒక తండ్రి గురించీ. నోటితో చెప్పడం నా వల్ల కాదు, అందుకే రాస్తున్నాను.

పని అంటే ఇదీ

ప్రమోషన్లు ఎలా వచ్చాయో, ఎవరు ఎవరి కుర్చీ లాగారో రాయను. అది అన్ని ఆఫీసుల్లోనూ ఒకటే.

మా పని వంటలో ఉప్పు చూసే పని లాంటిది. క్వారీ నుంచి వచ్చిన సున్నపురాయిని మట్టితో కలిపి పొడి చేసి పెద్ద బట్టీలో కాలుస్తారు. లోపలినుంచి నల్లటి, గుండ్రటి, గరుకైన ఉండలు బయటికొస్తాయి. వాటిని క్లింకర్ అంటాం. ఆ ఉండల్ని జిప్సంతో కలిపి మెత్తగా పొడి చేస్తే సిమెంటు. ఉండల్లో ఏది ఎంత ఉందో, బట్టీ సరిగా కాలుతోందో లేదో ఎప్పటికప్పుడు చూసి చెప్పడమే మా ఉద్యోగం. మనం తప్పు చెబితే ఎక్కడో, మనం ఎన్నడూ చూడని వాళ్ల స్లాబు బీటలు వారుతుంది.

క్లింకర్ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగిపోదు. లారీల మీంచి జారి రోడ్ల పక్కన పడుతుంది. పేట చుట్టుపక్కల ఏ చేలోకి వెళ్లినా నాలుగు ఉండలు కాలికి తగులుతాయి. ఇక దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున తుడిచిన మేడ సాయంత్రానికి బూడిద రంగుకు తిరుగుతుంది. చీపురు పట్టిన ప్రతి ఆడమనిషీ ఫ్యాక్టరీలను తిట్టుకుంటూనే ఊడుస్తుంది. నేనూ తిట్టుకునేదాన్ని, అక్కడే జీతం తీసుకుంటూ.

రాఘవరావు గారి ఉత్త నీళ్లు

నా మొదటి చీఫ్ కెమిస్టు రాఘవరావు గారు. నోరు మంచిది కాదు. అటెండర్లను అందరి ముందూ నానా మాటలు అనేవారు. అది తప్పని ఆ రోజూ అనుకున్నాను, ఈ రోజూ అంటాను. పని నేర్పడంలో మాత్రం ఆయనంత మనిషిని మళ్లీ చూడలేదు.

సిమెంటులో సోడియం ఎంతుందో చూడటానికి ల్యాబులో ఒక మంట యంత్రం ఉంటుంది. పప్పు పొంగి పొయ్యి మీద పడితే మంట ఒక్కసారి పసుపుగా మారుతుంది కదా, ఆ పసుపు పప్పులో ఉన్న ఉప్పుది. ఉప్పులో ఉన్న సోడియం వేడెక్కితే ఆ రంగు వస్తుంది. మా యంత్రం చేసేదీ అంతే, ఆ పసుపు ఎంతో కొలుస్తుంది. అయితే సోడియం లేని చోటు లేదు. చెమటలో ఉంటుంది, గాలిలో ఎగిరే దుమ్ములో ఉంటుంది, కడుక్కోని చేతిలో ఉంటుంది. అందుకని అసలు పరీక్షకు ముందు ఏమీ కలపని శుభ్రమైన నీళ్లు మంటకు చూపించి, రంగు రావడం లేదని తేల్చుకోవాలి. వాటిని రాఘవరావు గారు 'ఉత్త నీళ్లు' అనేవారు.

నేను చేరిన కొత్తలో ఒకరోజు ఆ ఉత్త నీళ్లకే మంట పసుపుగా వెలిగింది. నీళ్లు మార్చాను, గొట్టాలు కడిగాను, అయినా అంతే. ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకుని వాసన చూశారు.

"ఏవమ్మా, గోంగూరా, ఆవకాయా?"

"గోంగూరేనండి," అన్నాను తలొంచుకుని.

"రంగొచ్చిందని సంబరపడటం కాదు. ఎక్కణ్ణించొచ్చిందో అడుగు. అది అడగలేనివాళ్లు పచ్చళ్లు పెట్టుకోవచ్చు, ల్యాబెందుకు?"

ల్యాబంతా నవ్వింది. ఆ రాత్రి అన్నం తినలేదు నేను. కానీ ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది. తర్వాత అంతకంటే పెద్ద కష్టంలో అదే నాకు గుర్తొచ్చింది.

పైనుంచి పడ్డ రాళ్లు

సిమెంటు ల్యాబుకు రాళ్లు పట్టుకొచ్చే జనం ఎక్కువ. ఆకాశంలో చుక్క రాలడం చూసి, మర్నాడు చేలో నల్లరాయి కనబడితే ఉల్క అనుకుని తెస్తారు. తొంభై తొమ్మిది పాళ్లు అవి మా క్లింకర్ ఉండలే. ఉల్క అంటే మనసులో ఎలాంటి రాయి ఊహించుకుంటామో క్లింకర్ అచ్చం అలాగే ఉంటుంది. నల్లగా, కాలినట్టు, బరువుగా. అందులో కాస్త ఇనుము ఉంటుంది కాబట్టి గట్టి అయస్కాంతం పెడితే కొంచెం లాగుతుంది కూడా. మా ల్యాబులో వాటిని చూసి నవ్వుకునేవాళ్లం. పుట్టింటికి కూతురొచ్చినట్టు మన ఉండ మనింటికే వచ్చిందిరా అనేవారు.

నిజానికి మనం చూసే రాలే చుక్కల్లో చాలా వాటికి కింద పడే రాయంటూ ఉండదు. అవి ఇసుక రేణువంత ఉంటాయి. ఊహకందని వేగంతో వచ్చి గాలికి గుద్దుకుని, సుమారు తొంభై వంద కిలోమీటర్ల ఎత్తులోనే కాలి ఆవిరైపోతాయి. ఆ వెలుగే మనకు కనబడేది. రేణువు పోతుంది గానీ అందులోని లోహాలు పోవు. సోడియం, ఇనుము, మెగ్నీషియం పరమాణువులుగా విడిపోయి అక్కడే పలచటి పొరలా ఉండిపోతాయి. కింద నుంచి పసుపు రంగు లేజరు కాంతి పంపితే ఆ పైన ఉన్న సోడియం తిరిగి వెలుగుతుందట. మన పొయ్యి మీద పప్పు పొంగినప్పుడు వచ్చే రంగే అది. పుస్తకంలో మొదటిసారి చదివినప్పుడు నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు.

సాంబశివరావు గారు

రిటైర్మెంటుకు కొన్నేళ్ల ముందు ఒక మధ్యాహ్నం సాంబశివరావు గారు వచ్చారు. పేటలో పప్పులు, మిర్చి హోల్‌సేల్ వ్యాపారం ఆయనది. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, చేతిలో పసుపు రాసిన కొత్త గుడ్డ మూట.

"కరుణమ్మ గారంటే మీరేనాండి?"

"నేనేనండి, కూర్చోండి."

కూర్చోలేదు. బల్ల మీద మూట విప్పారు. కుంకుమ పెట్టిన నల్లటి ఉండ. చూడగానే నాకు తెలిసిపోయింది. పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వు ఆపుకోవడం కూడా వినిపించింది.

"ఉల్కండి ఇది. మా అమ్మాయికి దొరికింది. హారికండి దాని పేరు, నందిగామలో బీఎస్సీ చదివేది. చుక్క రాలటం చూసి, మర్నాడు స్నేహితురాలితో కలిసి వేదాద్రి రోడ్డు పక్కన చేలన్నీ వెతికి తెచ్చిందండి."

"చదివేది అంటే, ఇప్పుడు..."

"లేదండి. పోయింది."

నవ్వు ఆపుకుంటున్న మనిషి లేచి బయటికి వెళ్లిపోయాడు.

ఆయన నిలబడే చెప్పారు. "ల్యాబుకి తీసుకెళ్లు నాన్నా, పరీక్ష చేయిద్దాం అని అడిగిందండి. మిర్చి సీజనమ్మా, అయిపోనీ, తీసుకెళ్తాలే అన్నా. సీజను అయ్యేలోపే జ్వరమొచ్చింది. డెంగ్యూ అన్నారు. విజయవాడ తీసుకెళ్లాం. ఇంకేం మిగల్లేదండి. ఈ రాయి ఒక్కటే."

హారిక చదువుకున్న హైస్కూల్లో ఈ రాయిని అద్దాల పెట్టెలో పెడతామన్నారట, కింద ఆమె పేరు రాసి. ల్యాబు వాళ్లతో ఉల్కేనని ఒక్క మాట రాయించుకు రమ్మన్నారు హెడ్మాస్టరు గారు. పెట్టె చేయించడం కూడా అయిపోయింది. ఆయన ఆ మాట కోసం వచ్చారు.

"ఇంకోటి చెప్తా, నవ్వకండి," అని గొంతు తగ్గించారు. "మా ఇంట్లో వాళ్లు దేవుడి దగ్గర పెట్టి రోజూ కాసిని నీళ్లు పోస్తారండి. అడుగున చూడండి, విభూతి వస్తోంది."

తిప్పి చూశాను. అడుగున తెల్లటి పొడి పూసి ఉంది. క్లింకర్‌ను తడుపుతూ ఉంటే సున్నం బయటికొస్తుంది. ఈ ఊళ్లో, ఈ రాయికి మాత్రమే వచ్చే విభూతి అది. కంటితో చూసి తీర్పు చెప్పకూడదని నేర్చుకున్నాను కాబట్టి సున్నాన్ని పట్టిచ్చే మందు, ల్యాబులో రోజూ వాడేదే, ఒక చుక్క ఆ తెలుపు మీద వేశాను. చుక్క పడగానే ముదురు గులాబీ రంగు వచ్చింది.

ఆయన ఒక్కసారిగా నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"వచ్చిందమ్మా! గులాబీ రంగొచ్చింది! గులాబీ వస్తే ఉల్కేనని హెడ్మాస్టరు గారు చెప్పారండి. సుజాతకు ఫోన్ చేస్తా, ఉండండి, పొద్దుట్నుంచీ ఫోను పట్టుకుని కూర్చుంది."

సుజాత గారంటే ఆయన భార్య. ఆయన ముఖం అలా వెలగడం చూసి నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది.

"ఫోను పెట్టేయండి సాంబశివరావు గారూ. ఒక్క నిమిషం నా మాట వినండి."

హెడ్మాస్టరు గారు చెప్పింది వేరే పరీక్ష. ఉల్కల్లోని ఇనుములో నికెల్ ఉంటుంది, నికెల్ ఉంటే ఇంకో మందుతో గులాబీ ఎరుపు వస్తుంది. నేను చూసింది సున్నాన్ని. రెండు మందులు, రెండు కారణాలు, చూపుకు రంగు మాత్రం దాదాపు ఒకటే. ఇదంతా ఆయనకు చెబుతుంటే రాఘవరావు గారి మీద నాకు కోపం వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో అడగమని నేర్పారు గానీ, అడిగాక ఎదుటి మనిషి ముఖం ఎలా చూడాలో నేర్పలేదు.

"అయితే ఆ రెండోది కూడా చెయ్యండమ్మా," అన్నారాయన.

రాయిని పగలగొట్టనన్నాను. అడుగున ఆకురాయితో చిటికెడు పొడి రాలుస్తుంటే ఆయన కళ్లు మూసుకున్నారు. పొడిని ఆమ్లంలో కరిగించి, చేయాల్సినవన్నీ చేసి, మందు వేశాను. రంగు రాలేదు. మందు పాతదేమోనని నికెల్ ఉన్న ద్రావణంలో వేసి చూస్తే ఎర్రగా వచ్చింది. మందు బాగానే ఉంది. రాయి పొడితో మళ్లీ చేశాను. మళ్లీ రాలేదు.

"ఇది ఉల్క కాదండి. మా బట్టీలోంచి వచ్చిన క్లింకర్. లారీ మీంచి పడి ఉంటుంది."

అప్పటి మా ల్యాబు హెడ్డు కిరణ్, నాకంటే చాలా చిన్నవాడు, నన్ను పక్కకు పిలిచాడు. "ఉల్కేనని రాసిచ్చేద్దాం మేడం. ఎవరికి నష్టం? ఆయన్ను చూడలేకపోతున్నాను." కిరణ్ చెడ్డవాడు కాదు, మీరు పనిచేయబోయే చోట ఇలాంటివాళ్లు ఉంటే అదృష్టమే. కానీ ఆ స్కూల్లో పిల్లలు ఏటేటా ఆ పెట్టె ముందు నిలబడి మా ఫ్యాక్టరీ ఉండను చూసి ఇదీ ఉల్క అని నేర్చుకుంటారు. కింద హారిక పేరు ఉంటుంది. ఏదో ఒకరోజు తెలిసినవాడెవడో వచ్చి ఆ పేరు చూసి నవ్వుతాడు. పోయిన పిల్లను ఎవరో చూసి నవ్వే చోట పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. రాయనన్నాను.

సాంబశివరావు గారు ఆ మాట విన్నారు. "మీరూ ఒక తల్లే కదమ్మా," అన్నారు, కోపంగా కాదు. కోపంగా అనుంటే బాగుండేది.

నేను అడిగాను. "హారిక చూసిందన్నారు కదా. ఏం చూసిందో సరిగ్గా చెప్పండి."

"సాయంత్రం దీపాలు పెట్టే వేళండి. మేడ మీద ఆరేసిన బట్టలు తీయటానికెళ్లింది. నాన్నా, రా, రా అని అరిచింది. నేను వెళ్లేసరికి ఏం లేదు. మొదట పసుపుగా వెలిగింది నాన్నా, తర్వాత ఆకుపచ్చ అయ్యి ఆరిపోయింది అంది. సిగ్నల్ లైటేమోలే అని నవ్వేసి కిందకొచ్చేసా."

ఆ మాట ఆయన్ను ఇంకోసారి చెప్పమన్నాను. మొదట పసుపు, తర్వాత ఆకుపచ్చ.

ఉల్క కాలేటప్పుడు అందులోని లోహాలన్నీ ఒకేసారి విడిపోవు. తేలిగ్గా ఆవిరయ్యేది సోడియం, అది ముందు వెళ్లిపోతుంది. మెగ్నీషియం లాంటివి ఇంకా కిందికి వచ్చాక, ఇంకా వేడెక్కాక బయటపడతాయి. పసుపు సోడియానిది. ఆకుపచ్చ మెగ్నీషియం వల్ల రావచ్చు. కనురెప్ప కొట్టేంత సేపట్లో జరిగిపోయేదాన్ని ఆ అమ్మాయి వరుస తప్పకుండా చూసింది. బట్టలు చేతిలో పట్టుకుని, ఏ యంత్రమూ లేకుండా.

"రాయి తప్పండి. మీ అమ్మాయి కన్ను తప్పు కాదు. ఆరిపోయింది అని కూడా తనే చెప్పింది కదా. అది అక్కడే కాలిపోయింది. కింద వెతికితే దొరికేది కాదు."

ఆయనకు అర్థం కాలేదు. అందుకని బర్నరు వెలిగించాను. తీగను ఉత్త నీళ్లలో ముంచి మంటలో పెట్టాను, రంగు లేదు. ఉప్పులో అద్ది పెట్టాను. మంట పసుపుగా లేచింది.

"ఇదేనండి తను మొదట చూసిన రంగు. ఆకుపచ్చ నేను చూపించలేను, అంత వేడి నా మంటకు లేదు."

"నన్ను చెయ్యనిస్తారా?" అన్నారు. కళ్లు తుడుచుకుని, నేను కడిగిచ్చిన తీగ అందుకున్నారు. వేళ్లతో తీగ కొసను సరిచేసుకుని ఉత్త నీళ్లలో ముంచి మంటలో పెట్టారు. మంట పసుపుగా వెలిగింది.

"ఇదేంటమ్మా, ఏం లేని నీళ్లన్నారుగా?"

ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. "మీ చెయ్యి తడిగా ఉందండి," అన్నాను. ఆయన తన వేళ్లకేసి చూసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగంలో చేరాక ల్యాబులో నేను ఏడ్చింది అదొక్కసారే.

వెళ్లేముందు గుమ్మంలో ఆగి అడిగారు. "అయితే అది మొత్తం పోయినట్టేనా అండి? ఏం మిగల్లేదా?"

"మిగుల్తుందండి. అందులో ఉన్న లోహం పైనే గాలిలో ఉంటుంది. మెల్లగా కంటికి కనపడని దుమ్ములా మారి, ఏళ్ల తర్వాత ఎప్పుడో కిందికి దిగుతుంది."

"ఎక్కడ?"

"ఎక్కడైనా దిగొచ్చండి."

"మా మేడ మీదైనా?"

"ఎక్కడైనా," అన్నాను మళ్లీ.

మూట కట్టుకుని వెళ్లిపోయారు. కిరణ్ కొన్నాళ్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ ఆదివారం చర్చిలో హారిక పేరు చెప్పుకుని ప్రార్థన చేశాను, వేరే దేవుణ్ణి మొక్కే ఇంటి పిల్లయినా. హెడ్మాస్టరు గారికి నేనే కబురు చేసి, హారిక చూసిన రంగుల సంగతి ఒక అట్ట మీద రాసి గోడకు పెట్టమని అడిగాను. రాయి లేకపోతే పిల్లలు ఏం చూస్తారు మేడం అన్నారాయన. అద్దాల పెట్టె ఇప్పటికీ సాంబశివరావు గారి కొట్లో ఒక మూల ఖాళీగా ఉంది.

మేడ మీద

రిటైరయ్యాక ఒకరోజు కందిపప్పు కోసం ఆ కొట్టుకు వెళ్లాను. ఆయన నన్ను గుర్తుపట్టి, కుర్రాడికి గల్లా అప్పజెప్పి, "ఒకసారి ఇంటికి రండమ్మా, వెనకే," అని తీసుకెళ్లారు. సుజాత గారు మంచినీళ్లిచ్చారు. నాతో మాట్లాడలేదు. ఆవిడను నేను తప్పు పట్టను.

మేడ మీదికి వెళ్లాం. మేడంతా అద్దంలా కడిగి ఉంది, ఒక్క మూల తప్ప. బట్టలారేసే తీగ కింద, పిట్టగోడ పక్కన, నాలుగు ఇటుకలు అడ్డం పేర్చి ఉన్నాయి. వాటి వెనక గచ్చు మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది.

"అక్కడే నిలబడి చూసిందండి," అన్నారు. "అక్కడ ఊడవద్దని పనమ్మాయికి చెప్పా. వానొస్తే పట్టా కప్పుతున్నా, కొట్టుకుపోకుండా. మీరు చెప్పారుగా, దిగుతుందని."

నేను వంగి చూపుడువేలితో ఆ దుమ్ము తాకాను. బొటనవేలితో నలిపాను. జీవితమంతా ఆ పనే చేసినదాన్ని. ఏ మందూ అక్కర్లేదు, ఏ మంటా అక్కర్లేదు. అది మా బట్టీ దుమ్ము. ఎప్పుడో ఒక రేణువులో ఒక పరమాణువు పైనుంచి వచ్చి ఉండొచ్చు, కాదని ఎవరూ అనలేరు. కానీ నా వేళ్ల మధ్య ఉన్నది ఏమిటో నాకు తెలుసు.

"ఉంటుందంటారా అమ్మా, ఇందులో?"

రాయి విషయంలో నిజం చెప్పినదాన్ని. అమ్మాయిలూ, ల్యాబులో ఎవరైనా ఇలా అడిగితే మీరూ నిజమే చెప్పాలి, దానికి జీతం ఇస్తారు. కానీ అది ల్యాబు కాదు, ఆ దుమ్ము కింద ఎవరి పేరూ రాయబోవడం లేదు, ఆయన నన్ను ఏమీ రాసిమ్మని అడగడం లేదు.

"ఉంటుందండి," అన్నాను. "ఊడవకండి."

అలవాటుగా వేలిని కొంగుకు తుడుచుకోబోయాను. ఆయన నా వేలినే చూస్తున్నారు. చెయ్యి వెనక్కి తీసుకుని, వంగి, ఆ దుమ్మును ఉన్నచోటే మళ్లీ రాల్చాను.